తీర్పునకు హేతువు: జపాను ఔత్సాహిక చిత్రకథా స్పర్ధలు

పోటీ పెట్టుట సులభము. తీర్పు చెప్పుట కష్టము. చెప్పిన తీర్పునకు హేతువు చూపుట అంతకంటెను కష్టము. వీనిలో మొదటి రెండు పనులును దేశమంతటను జరుగుచునే యున్నవి. భాషా శాఖలు, సాహిత్య సంఘములు, పత్రికలు ఏటేటను కథల పోటీలు, కవితల పోటీలు, వ్యాసరచన పోటీలు నిర్వహించుచున్నవి. నిర్ణేతలు కూర్చుందురు, మార్కులు వేయుదురు, మూడు పేర్లు ప్రకటింపబడును, సభలో చప్పట్లు మ్రోగును. నాలుగవ స్థానమున నిలిచినవాడు ఏల నాలుగవవాడయ్యెనో అతనికి తెలియదు. విచిత్రమేమనగా, మొదటివాడేల మొదటివాడయ్యెనో అతనికిని తెలియదు.

ఆ మూడవ పనిని, అనగా హేతువు చూపుటను, పోటీనుండి విడదీయరాని అంగముగా నెంచి చిరకాలము సాధన చేసిన రంగమొకటి జపాను దేశమున కలదు. అది పండిత పరిషత్తులకు సంబంధించినది కాదు. పిల్లలును పెద్దలును రైలుబండ్లలో చదువుకొను బొమ్మల కథలకు, అనగా 'మాంగా'కు, సంబంధించినది. ఆ రంగమున ఔత్సాహికులకై జరుగు స్పర్ధలును, వానియందు విజేతలను నిర్ణయించు పద్ధతియు భారతీయ భాషాధ్యయనపరుల పరిశీలనకు అర్హములు. బొమ్మల కథ తేలికపాటి వస్తువు కావచ్చును. తీర్పు తేలికపాటి వస్తువు కాదు.

'మాంగా' యను పదము రెండు చీనా లిపి సంకేతముల కూర్పు. రెండవదానికి చిత్రమని యర్థము. మొదటిదానికి కట్టుబాటు లేక యథేచ్ఛగా సాగునదని యర్థము. హొకుసాయి (1760-1849) రేఖాచిత్ర సంపుటములు 1814 మొదలుకొని 'హొకుసాయి మాంగా' యను పేరున వెలువడి ఆ పదమునకు ప్రచారము కలిగించినవి. నేడు ఆ పదమునకు వరుస చిత్రములతో నడచు కథ యని వాడుక. దీనిని బొమ్మలు చేర్చిన కథగా మాత్రమే భావించుట పొరపాటు. బొమ్మలు చేర్చిన కథయందు బొమ్మను తొలగించినను కథ నిలుచును, మాంగాలో నిలువదు. ఒక గడిలో చేయి పైకెత్తిన మనిషి. తరువాతి గడిలో నేలపై పగిలిన కుండ. కుండ పగిలిన క్షణము ఏ గడియందును లేదు. అది రెండు గడుల నడుమనున్న తెల్లని సందులో, చదువరి మనసులో జరిగినది. ఆలంకారికుల పరిభాషలో చెప్పవలెనన్న, ఇచ్చట ప్రధానార్థము వాచ్యము కాదు, వ్యంగ్యము.

నిర్ణేతకు గల చిక్కు ఇచ్చటనే మొదలగును. చిత్రకారుడు నిర్ణేతయైన రేఖను మెచ్చును. కథకుడు నిర్ణేతయైన ఇతివృత్తమును మెచ్చును. రేఖయు ఇతివృత్తమును బాగుగా నుండి, గడికిని గడికిని నడుమ ఏమియు జరుగని రచన కూడ ఉండవచ్చును. రేఖ తడబడుచున్నను, ఆ తెల్లని సందులలో ఒక లోకమే కదలుచున్న రచనయు ఉండవచ్చును. ఈ రెండింటిలో దేనికి బహుమతి? ఈ ప్రశ్నకు మార్కుల పట్టికలో సమాధానము లేదు. అందుచేతనే హేతువు అవసరమగుచున్నది.

జపానులో హేతువుతోడి తీర్పు మాంగాతో పుట్టినది కాదు. అచ్చటి రాజాస్థానములలో 'ఉతా అవసె' యను పద్యస్పర్ధలు 9వ శతాబ్దినుండియు కానవచ్చుచున్నవి. కవులు కుడియెడమలుగా రెండు పక్షములై ఒకే అంశముపై పద్యములు చెప్పుదురు. నిర్ణేత జంట జంటగా పోల్చి గెలుపో, ఓటమియో, సమమో నిర్ణయించును. నిర్ణయముతోపాటు దానికి గల కారణమును వ్రాతమూలకముగా చెప్పుట క్రమముగా ఆచారమైనది. 1193లో ఫుజివారా యోషిత్సునె ఆధ్వర్యవమున జరిగిన ఆరువందల జంటల స్పర్ధ వీనిలో మిక్కిలి ప్రసిద్ధము. 12 మంది కవులు తలకొక నూరు పద్యములు సమర్పించిరి. అప్పటికి వృద్ధుడైన ఫుజివారా షుంజెయి వానికి తీర్పులు వ్రాసెను. ఆ తీర్పులు నేడు జపాను కావ్యశాస్త్రమునకు మూలగ్రంథములలో నొకటిగా చదువబడుచున్నవి. అంతకంటె గమనింపదగిన విషయము మరియొకటి కలదు. పాల్గొన్న కవులలో ఒకడైన కెన్‌షో యను భిక్షువు ఆ తీర్పులను అంగీకరింపక, వానిని ఖండించుచు ఒక ప్రత్యుత్తరము రచించెను. తీర్పుతోపాటు ఆ ఖండనమును భద్రపరుపబడినది. హేతువు చెప్పిన తీర్పునకే ప్రత్యుత్తరము సాధ్యము. హేతువు చెప్పని తీర్పును శిరసావహింపవచ్చును, లేక తిట్టుకొనవచ్చును. దానితో వాదింప వీలులేదు.

ఆస్థానమును విడిచి వీధికి వచ్చినను ఇట్టి దృశ్యమే కాననగును. 18వ శతాబ్దమున ఎదో నగరమున సామాన్య జనులు ఇచ్చిన పాదమునకు తగిన పాదము పూరించి, స్వల్ప రుసుముతో పోటీలకు పంపుట వినోదముగా నుండెను. ఇది తెలుగువారి సమస్యాపూరణమునకు దూరపు చుట్టము. 1757నుండి ఆ పోటీలకు నిర్ణేతగా వ్యవహరించినవాడు కరాయి సెన్ర్యూ. ఆయన యెన్నిన పాదములనుండి ఏర్చి కూర్చిన సంకలనము 1765లో వెలువడినది. కాలక్రమమున ఆ లఘుపద్య ప్రక్రియకే 'సెన్ర్యూ' యను పేరు స్థిరపడినది. ఒక సాహిత్య ప్రక్రియ కవి పేరనో ఛందస్సు పేరనో గాక, ఔత్సాహికుల పోటీలకు తీర్పు చెప్పిన నిర్ణేత పేర నిలుచుట అరుదైన విషయము. నేటి మాంగా స్పర్ధలు వీనినుండి నేరుగా దిగివచ్చినవని చెప్పుట సాహసమగును. కాని ఏరి చూపుటయు నొక రచనయే యను సంస్కారము ఆ నేలలో ముందే పాతుకొని యుండెనని చెప్పుట సాహసము కాదు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరము 1947లో 'మాంగా షోనెన్' అను బాలుర మాసపత్రిక ఆరంభమై 1955వరకు నడచినది. ఒసాము తెజుకా (1928-1989) ప్రసిద్ధ రచనయగు అడవిరాజు సింహపు కథ ధారావాహికగా వెలువడినది అందులోనే. ఐనను ఆ పత్రిక చరిత్రలో నిలిచినది ధారావాహికలవలన మాత్రమే కాదు. పాఠకులు పంపిన బొమ్మలకు కేటాయించిన పుటలవలన. దేశపు మూలమూలలనుండి బాలురు తమ చిత్రకథలను పంపుచుండిరి. షోతారో ఇషినోమోరి, ఫుజికో ఫుజియో యను జంటపేరున పిమ్మట విఖ్యాతులైన మిత్రులిద్దరు మున్నగువారు తమ పేరును మొదట అచ్చులో చూచుకొన్నది అట్టి శీర్షికలలోనే. లెయిజీ మత్సుమోతో 1954లో, 16 ఏండ్ల ప్రాయమున, ఒక తేనెటీగ సాహసయాత్రను చిత్రించి ఆ పత్రిక నూతన రచయితల బహుమానము నందెను. పల్లెలో ఒంటరిగా కూర్చుండి బొమ్మలు గీయు పిల్లవానికి, తన పనిని ఎరిగిన పెద్ద యొకడు ఎచ్చటనో దానిని చూచుచున్నాడను నమ్మకమును ఆ పుటలు కలిగించినవి. బహుమానపు సొమ్ముకంటె ఆ నమ్మకమే గొప్పది.

1967లో తెజుకా సంస్థయగు ముషి ప్రొడక్షన్ 'కోమ్' అను పత్రికను స్థాపించినది. దానియందు 'గురాకోన్' అను విభాగము ఔత్సాహికుల రచనలకును, వానిపై విమర్శకును ప్రత్యేకింపబడెను. కెయికో తకెమియా, దయిజిరో మొరొహోషి మున్నగువారి తొలి రచనలకు ఈ పత్రికయే వేదిక. ఇచ్చట గుర్తింపవలసినది ఆ విభాగపు స్వభావము. అది బహుమతుల జాబితా కాదు, పాఠశాల. ఒకని రచనపై వ్రాసిన విమర్శను వేలమంది చదివిరి; తమ రచనకు తామే ఆ విమర్శను అన్వయించుకొనిరి. తీర్పు ఒకనికి చెప్పబడినను పాఠము అందరికిని అందెను.

పెద్ద ప్రచురణ సంస్థలు ఈ పద్ధతిని స్థిరమైన వ్యవస్థగా మార్చినవి. షూయేషా సంస్థ 1971లో కథాప్రధానమైన మాంగాకై తెజుకా పేరను, 1974లో హాస్యప్రధానమైన మాంగాకై ఫుజియో అకత్సుకా పేరను నూతన రచయితల పురస్కారములను నెలకొల్పినది. ఈ తరగతి స్పర్ధలందు ప్రథమ, ద్వితీయ, తృతీయ బహుమతుల విధానము లేదు. 'న్యూసెన్' అనగా ఎన్నికైనది. 'జున్ న్యూసెన్' అనగా దానికి సమీపించినది. 'కసాకు' అనగా మెచ్చుకొనదగినది. ఇవి స్థానములు కావు, ప్రమాణములు. ప్రమాణమునకు తగిన రచన రానప్పుడు పై మెట్టు ఖాళీగా మిగిలిపోవును. అట్లు మిగులుట అరుదు కాదు. వచ్చినవారిలో మేలైనవానిని మొదటివానిగా ప్రకటించుట వేరు. మొదటి మెట్టు ఎంత యెత్తుననున్నదో ముందే నిర్ణయించుకొని, దానిని ఎవరైన ఎక్కిరో లేదో చూచుట వేరు. మొదటిది వరుస క్రమము; రెండవది విలువ కట్టుట. భారతదేశమున సాహిత్య స్పర్ధలు చాలభాగము మొదటిదానితోనే తృప్తిపడుచున్నవి.

ఈ మెట్లు ఎక్కినవారి చరిత్ర తీర్పు స్వభావమును తెలుపుచున్నది. తకెహికో ఇనోవుయె 1988లో తెజుకా పురస్కారమున పై మెట్టునే అందుకొనెను. హిరోహికో అరాకి 1980లోను, 17 ఏండ్ల వయసున ఎయిచిరో ఓదా 1992లోను రెండవ మెట్టుననే ఆగిరి. రుమికో తకహాషి 1978లో షోగకుకాన్ సంస్థ నూతన రచయితల స్పర్ధలో పొందినది 'కసాకు' మాత్రమే. హజిమె ఇసాయామా 2006లో కోదన్షా పత్రిక యొకదాని స్పర్ధకు పంపిన కథకును అదియే దక్కినది. ఆ కథయే పెరిగి 2009నుండి లోకప్రసిద్ధమైన ధారావాహికయైనది. అకిరా తొరియామాకు స్పర్ధలో బహుమతియే రాలేదు. ఐనను ఆయన పంపిన పుటలను చూచిన సంపాదకుడు కజుహికో తొరిషిమా ఆయనను పిలిపించెను. 1978లో ఆయన తొలి కథ అచ్చయ్యెను.

దీనినిబట్టి నిర్ణేతలు పొరబడిరని తలచుట తొందరపాటు. నిర్ణేత ఎదుటనున్నది కొన్ని పుటలు. మనిషి భవిష్యత్తు కాదు. ఓదా తరువాత గొప్పవాడయ్యెను గనుక 1992నాటి పుటలకు పై మెట్టు ఈయవలసి యుండెనను వాదము ఫలమును చూచి విత్తును తూచుటవంటిది. నిర్ణేతనుండి కోరదగినది జోస్యము కాదు, న్యాయమైన పఠనము. ఆ పఠనమునకు సాక్ష్యమే 'సెన్‌ప్యో', అనగా ఫలితములతోపాటు ప్రకటింపబడు నిర్ణయ వ్యాఖ్య.

మంచి వ్యాఖ్య ఎట్లుండవలెనో ఒక ఊహాకల్పిత ఉదాహరణముతో తెలిసికొనవచ్చును. జపాను పుస్తకము కుడినుండి ఎడమకు చదువబడును. తెరచిన రెండు పుటలలో ఎడమ పుట అడుగున ఎడమ మూలనున్న గడి పుట త్రిప్పుటకు ముందు కనబడు తుది గడి. ఆ గడిలో ఒక బాలిక తలుపు తెరచుచున్నదనుకొందము. తలుపు వెనుక ఎవరున్నారో పుట త్రిప్పిన పిమ్మట కనబడవలెను. ఔత్సాహికుడు ఆ తలుపును పుట మధ్యనే తెరచి, లోపలివానిని ప్రక్క గడిలోనే చూపినచో ఆశ్చర్యము ఆవిరియగును. అప్పుడు నిర్ణేత 'ఉత్కంఠ లోపించినది' అని వ్రాసిన అది తీర్పు మాత్రమే. 'తలుపు తెరచు గడిని పుట చివరకు జరిపి, దాని ముందున్న రెండు గడులను ఒకటిగా కలుపవలెను' అని వ్రాసిన అది హేతువు, అదియే పాఠము. మొదటి వాక్యము పిల్లవానిని నొప్పించును. రెండవ వాక్యము వానిని మరల బల్ల ముందు కూర్చుండబెట్టును.

మార్కుల పట్టిక ఈ పని చేయజాలదు. చిత్రణ, కథ, గడుల కూర్పు, నూతనత యను నాలుగంశములకు పదేసి మార్కులనుకొనుడు. ఒక రచనకు నాలుగింటను ఏడేసి వచ్చి మొత్తము 28 అయ్యెను. మరియొకదానికి చిత్రణలో 4, కథలో 8, కూర్పులో 10, నూతనతలో 5 వచ్చి మొత్తము 27 అయ్యెను. పట్టిక ప్రకారము మొదటిదే విజేత. కాని నిర్ణేతలలో ఒక్కరైనను దానిని ఇంటికి పోయి తలచుకొనిరా? రెండవదానిలోని ఆ పదియే దాని ప్రాణము. కూడిక ప్రాణమును లెక్కపెట్టదు. ఎవరికిని దోషము కనబడని రచనకు బహుమతి వచ్చి, ఎవరో ఒకరు ప్రేమించిన రచనకు రాకుండుట కూడికతో జరుగు అన్యాయము. నునుపైన బొమ్మను యంత్రమే క్షణములో గీయగల నేటి కాలమున ఈ ప్రమాదము మరింత పెరిగినది. రేఖ నునుపునకు మార్కులిచ్చు నిర్ణేత యంత్రమునకు బహుమతి నిచ్చును. గడికిని గడికిని నడుమ జరిగినదానిని చదువు నిర్ణేత మనిషికి ఇచ్చును.

ఈ వ్యవస్థపై గట్టి ఆక్షేపణ యొకటి కలదు, దానిని దాటవేయరాదు. ప్రచురణ సంస్థ పెట్టిన పోటీలో తీర్పు చెప్పువాడే కొనువాడు. సంపాదకుడు వెదకునది ఉత్తమ రచనను గాక రేపటి ధారావాహికను కావచ్చును. ఎన్ని హేతువులు చూపినను వాని వెనుక పత్రిక అవసరము నిలిచియుండును. ఈ సందర్భమున కాళిదాసు 'మాళవికాగ్నిమిత్రము' స్మరణకు వచ్చుచున్నది. గణదాస హరదత్తులను ఇద్దరు నాట్యాచార్యుల వివాదమున పరివ్రాజిక కౌశికి నిర్ణేత్రి. శిష్యుల ప్రదర్శనమును బట్టి గురువుల తారతమ్యము తేల్చవలెనని ఏర్పాటు. మాళవిక నర్తించినది, కౌశికి సహేతుకముగా, అంగాంగమును వివరించి ప్రశంసించినది. కాని పోటీయంతయు రాజు మాళవికను చూచుటకై విదూషకుడు పన్నిన పన్నాగము. మాళవిక నాట్యమైన వెంటనే మధ్యాహ్నమైనదను నెపమున హరదత్తుని వంతు మరునాటికి వాయిదా పడినది. హేతువు నిర్దుష్టముగా నున్నను, రెండవ పక్షమును చూడని తీర్పు న్యాయము కాదని ఆ రంగము బోధించుచున్నది. హేతువు అవసరము, హేతువొక్కటియే చాలదు. నిర్ణేతకు ఫలితమున సొంత లాభము లేకుండుటయు, అందరి రచనలను సమానముగా చదువుటయు దానికి తోడుకావలెను.

జపానులోనే ఈ లోపమును గుర్తించి వేరు త్రోవలు త్రొక్కినవారు కలరు. 1975 డిసెంబరు 21న టోక్యోలో మొదటి 'కామిక్ మార్కెట్' జరిగినది. దానియందు 32 బృందములు తమ సొంత ముద్రణలను అమ్మకమునకు పెట్టినవి. సుమారు 700 మంది వచ్చిరి. అచ్చట బహుమతి లేదు, నిర్ణేత లేడు. పాఠకుడు బల్ల ముందు నిలిచి పుటలు త్రిప్పి, నచ్చిన కొనును, లేకున్న ముందునకు సాగును. పిమ్మట ఆ సంత లక్షల జనముతో నిండు మహోత్సవముగా పెరిగినది. తీర్పునే త్రోసిపుచ్చిన ఈ స్వాతంత్ర్యము గౌరవింపదగినది. ఐనను కొనక సాగిపోయిన పాఠకుడు ఏల సాగిపోయెనో చెప్పడు. నిర్ణేత లేనిచోట అన్యాయము తగ్గును. దానితోపాటు పాఠమును తగ్గును.

షికొకు ద్వీపమునందలి కోచి ప్రాంతము 1992లో ఉన్నత పాఠశాలల విద్యార్థులకై ఆరంభించిన మాంగా పోటీ మరియొక త్రోవ. పాఠశాలల బేస్‌బాల్ పోటీలకు పేరొందిన కోషియెన్ క్రీడాంగణము పేరును తగిలించి దీనిని 'మాంగా కోషియెన్' అందురు. విద్యార్థులు జట్లుగా వచ్చి, ఇచ్చిన అంశముపై, నియమిత కాలములో, ఒకే గడి గల పెద్ద చిత్రమును గీయవలెను. తొలి విడతలో ఓడిన జట్లకు మరల ఒక అవకాశమును కలదు. ఒక్కొక్కడుగా పనిచేయు కళను జట్టుగా చేయించుటవలన గీయుటకు ముందే వాదము పుట్టును: ఏ భావము మేలు, ఏల మేలు అని. అనగా ఇచ్చట తీర్పు నిర్ణేతల బల్లవద్ద గాక విద్యార్థుల బల్లవద్దనే మొదలగును. బోధన దృష్టితో చూచిన ఇది మిక్కిలి విలువైన ఏర్పాటు.

భాషాధ్యయనపరులను ఎక్కువగా ఆకర్షింపవలసినవి దేశాంతర స్పర్ధలు. జపాను విదేశాంగ శాఖ 2007లో ఇతర దేశముల రచయితలకై అంతర్జాతీయ మాంగా పురస్కారమును నెలకొల్పినది. 2012లో కొయామిక్స్ సంస్థ మాటలు లేని మాంగాకై ఒక ప్రపంచ స్పర్ధ నారంభించినది. దాని నిర్ణేతలలో నొకడైన త్సుకాసా హోజో, దశాబ్దముల క్రితము తెజుకా పురస్కారమున రెండవ మెట్టు నందుకొన్నవాడే. సంభాషణములను తొలగించుటతో భాషాభేదము తొలగును. ఏ దేశపు పిల్లవాడైనను ఏ దేశపు నిర్ణేత యెదుటనైనను సమానుడగును. ఇది ఉదారమైన ఆలోచన. కాని దీనికి చెల్లించిన మూల్యమును మరువరాదు. మాటల బుడగలోని యాస, హాస్యము, పిలుపులోని గౌరవమును చనువును, ఇవన్నియు బయట నిలిచిపోవును. భాషను విడిచినవారికే సమానత్వమన్నచో భాషలోనే ప్రతిభగలవాడు నష్టపోవును.

ఈ సమస్య భారతదేశమునకు క్రొత్తది కాదు. అనేక భాషల రచనలను ఒకే తక్కెడలో తూచవలసిన భారము 1961లో నెలకొల్పబడిన జ్ఞానపీఠ పురస్కారమునకు మొదటినుండియు కలదు. అందుకే భాషకొక సలహా సంఘమును, వానిపై ఒక నిర్ణాయక మండలియు ఏర్పడినవి. మాటలు తీసివేయక, మాటలను ఎరిగినవారి వాదమును వినుట అచ్చటి మార్గము. రెండు మార్గములలో రెండవదే కష్టతరము. రెండవదే భాషలకు గౌరవకరము. ఐతే ఆ వాదములు లోకమునకు వినబడినప్పుడే ఆ గౌరవము సంపూర్ణమగును.

తీర్పు విషయమున భారతీయ శాస్త్రములు మౌనము వహింపలేదు. భరతుని నాట్యశాస్త్రము 27వ అధ్యాయమున నాటక స్పర్ధలకు పరీక్షకులైన ప్రాశ్నికులను వర్ణించినది. యజ్ఞవేత్త, నర్తకుడు, ఛందోవేత్త, శబ్దవేత్త, రాజు, అస్త్రవేత్త, చిత్రవేత్త, వేశ్య, గాంధర్వవేత్త, రాజసేవకుడు అని పదిమంది. ఎవరికి తెలిసిన విషయమున వారే తీర్పు చెప్పవలెను. చిత్రవేత్తయు వేశ్యయు రాజుతోపాటు అచ్చట సాటి నిర్ణేతలు! వారు రంగమునకు మరీ దగ్గరగాను మరీ దూరముగాను కూర్చుండరాదు. గుణదోషములను వ్రాయుటకు లేఖకులు, లెక్కించుటకు గణకులు వేరుగా నుందురు. అనగా గణనమొక్కటి చాలదనియు, వ్రాతయు కావలెననియు ఆ శాస్త్రమునకు తెలియును. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'యందు భావకులను నాలుగు విధములుగా చెప్పెను. ఏదియు రుచింపనివాడు అరోచకి. గడ్డితోసహా అన్నిటిని మెసవువాడు సతృణాభ్యవహారి. అసూయతో చూచువాడు మత్సరి. తత్త్వమును పట్టువాడు తత్త్వాభినివేశి, అతడు దుర్లభుడు. ఈ నలుగురును నేటి నిర్ణేతల బల్లవద్ద కూర్చుండియే యున్నారు. హేతువు వ్రాయుమని కోరనంతవరకు నలుగురును ఒకే తీరుగా కనబడుదురు. వ్రాయుమన్న మరుక్షణము ఎవరెవరో తేలిపోవును.

తెలుగునాట బొమ్మయు మాటయు కలసిన ఔత్సాహిక స్పర్ధకు చక్కని ఉదాహరణము 1947 జూలైలో పుట్టిన 'చందమామ'యందు కలదు. ఆ పత్రిక 'ఫోటో వ్యాఖ్యల పోటీ' రెండు ఛాయాచిత్రములను ఇచ్చి, రెండింటికిని పొందికగల వ్యాఖ్యలను పాఠకులనుండి కోరెను. పల్లెపట్టుల పిల్లలు సైతము పోస్టుకార్డుపై తమ వ్యాఖ్యలను వ్రాసి పంపిరి. గెలిచిన వ్యాఖ్యలును, పంపినవారి పేరును అచ్చయ్యెడివి. రెండు చిత్రముల నడుమ అర్థమును కనిపెట్టు ఆ క్రీడ, గడుల నడుమ అర్థమును కనిపెట్టు మాంగా కళకు సన్నిహితమే. గెలిచినవాని సంతోషము నిజమైనది. కాని గెలువని వ్యాఖ్యకును గెలిచిన వ్యాఖ్యకును గల భేదమేమో ఒక్క వాక్యమైనను ప్రక్కన అచ్చయి యుండిన, ఆ చిన్న పుట ఎందరికో అలంకారశాస్త్ర ప్రథమ పాఠమై యుండెడిది.

ఇప్పటికైనను ఆలస్యము కాలేదు. ప్రతియేట ఆగష్టు 29న, గిడుగు వేంకట రామమూర్తి జయంతినాడు, తెలుగు భాషా దినోత్సవము జరుగుచున్నది. స్వరాష్ట్రమునందును, వెలుపలి విశ్వవిద్యాలయముల యందును విద్యార్థులకు పోటీలు పెట్టబడుచున్నవి. స్వభాష చుట్టును వినబడని ఊరిలో కూర్చుండి తెలుగున కథ వ్రాసిన విద్యార్థికి అది సంవత్సరమునకు ఒక్కసారి దొరకు పాఠకుల సభ. అతనికి ప్రశంసాపత్రము నిచ్చి పంపుట చాలదు. తన రచనను ఎవరో నిజముగా చదివిరను సాక్ష్యము నీయవలెను. ఇతర భారతీయ భాషల శాఖలకును ఇది సమానముగా వర్తించును.

చేయవలసినవి పెద్ద పనులు కావు. మొదటిది: బహుమతి పొందిన ప్రతి రచనకును, తుదివరకు నిలిచి పొందనిదానికిని, నిర్ణేత సంతకముతో నాలుగైదు వాక్యముల వ్యాఖ్య ప్రకటింపవలెను. రెండవది: నిర్ణేతలలో భేదాభిప్రాయము కలిగినచో దానిని కూడికలో ముంచివేయక, భిన్నాభిప్రాయముగా అచ్చువేయవలెను. మూడవది: ప్రమాణమునకు తగిన రచన రానిచో ప్రథమ బహుమతిని ఖాళీగా నుంచు ధైర్యము కలిగి యుండవలెను, ఆ ఖాళీకిని హేతువు చెప్పవలెను. నాలుగవది: ఫలితమున లాభమున్నవాడు, అతడు ప్రచురణకర్తయైనను పోటీదారుని గురువైనను, తీర్పు బల్లకు దూరముగా నుండవలెను. ఐదవది: పోటీదారు ప్రత్యుత్తరము వ్రాసినచో దానికి చోటీయవలెను. కెన్‌షో ఖండనము షుంజెయి గౌరవమును తగ్గింపలేదు. ఎనిమిది శతాబ్దములుగా పెంచుచునే యున్నది.

ఇందువలన నిర్ణేతలకు శ్రమ పెరుగును, వందల రచనలకు ఇది సాధ్యముకాదు అని కొందరనవచ్చును. వందల రచనలకు అవసరము లేదు. తుదివరకు వచ్చిన పదింటికి చేసిన చాలును. ఆ పదింటికైనను కారణము వ్రాయలేని నిర్ణేత వానిని చదివెనా యను సందేహము సహజము. శ్రమకు భయపడి హేతువును మానుకొనినచో తీర్పు దానముగా మారును. దానము పుచ్చుకొన్నవాడు కృతజ్ఞుడగును, నేర్చినవాడు కాడు.

పోటీలో గెలిచినవాడు గెలుపును తీసికొని పోవును. ఓడినవాడు తీసికొని పోదగినది ఒక్కటే కలదు: తానేల ఓడెనో తెలుపు నాలుగు వాక్యములు. దానిని అతనికి ఇచ్చుట నిర్ణేత దయ కాదు, నిర్ణేత ఋణము.